ఏడో ఎపిసోడ్‌కి నవ్వినవాళ్లు

మేడ మీది గది,
సోమవారం

పిచ్చుకా,

నీ క్షేమం అడగడానికి రాయడం లేదు. క్షేమంగానే ఉండి ఉంటావు. ఒంట్లో బాగోలేని మనిషి ఇంత తీరిగ్గా అందరి నెత్తినా నిప్పులు పోయలేదు.

నిన్న మధ్యాహ్నం మీ అమ్మ మెట్లెక్కి వచ్చింది. దాని మోకాళ్లు నా మోకాళ్లకంటే అధ్వాన్నం కాబట్టి, ఎక్కిందంటే విషయం పెద్దదే అనుకున్నాను. కుర్చీలో కూలబడి, "నీ మనవరాలు పెళ్లి వద్దంటోందమ్మా. ఎందుకే అంటే ఏడో ఎపిసోడ్ అంటోంది. ఏడో ఎపిసోడ్ అంటే ఏమిటి, ఏదైనా జబ్బా?" అంది. జబ్బే, అంటుకునేది, నాకూ ఉంది అన్నాను. నవ్వలేదు. శుభలేఖలు పోస్టులో పడి పది రోజులైంది. నవ్వే పరిస్థితిలో లేదు పాపం.

వివరించే పని నా మీద పడింది. 'తరగతి యుద్ధం' అని ఒక అనిమే, అంటే జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్, ఉందనీ, అందులో క్లాస్ లీడరు అమ్మాయికీ వెనక బెంచీ పోకిరికీ ఇరవై నాలుగు ఎపిసోడ్ల పాటు తిట్లూ, ఆఖర్న ప్రేమా అనీ, ఏడో ఎపిసోడ్‌లో వాడు ఆ పిల్ల నోటుబుక్కు కాజేసి, క్యాంటీన్‌లో బల్లెక్కి, ఆమె గొంతుతో చదివి అందర్నీ నవ్విస్తాడనీ చెప్పాను. మీ అమ్మ అంతా విని, "అయితే పెళ్లికొడుకు దీని నోటుబుక్కు కాజేశాడా?" అంది. లేదు, ఆ సీన్ చూసి నవ్వాడట, అంతే అన్నాను.

నీకు 'తరగతి యుద్ధం' గిట్టదని నాకు తెలియదా? నీ ప్రాణమంతా ఆ 'మూడో మెట్టు' మీద. ఒకే బిల్డింగులో ఉండే ఇద్దరు రోజూ మెట్ల మీద ఎదురుపడి, తలలు దించుకుని, పదమూడు ఎపిసోడ్లకి ఒకరి పేరు ఒకరు అడుగుతారు. ఆ వేగంతో పోతే వాళ్ల మొదటి ముద్దుకి ఇద్దరికీ కట్టుడు పళ్లు కావాలి, అవి మీ ల్యాబ్‌లో నువ్వే చేసిపెట్టాలి. అయినా నీ ఇష్టాన్ని నేనెప్పుడైనా కాదన్నానా? అన్నాను, సరే. వెక్కిరించాను కూడా. కానీ ఆరేళ్లుగా నెల మొదటి ఆదివారం లైబ్రరీ కింది హాల్లో మన అనిమే క్లబ్బులో పాతికమంది మధ్య కొట్లాడుకున్నాం. తిట్టుకునే జంటలు కావాలనేవాళ్లు కిటికీ వైపు, నోరు విప్పని జంటలు కావాలనేవాళ్లు తలుపు వైపు. నేను కిటికీ, నువ్వు తలుపు. ఏనాడైనా ఇంటికి విడివిడిగా వెళ్లామా? మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద సణుగుతుంటే, నా నోరు మూయించడానికి ఈ అనిమేలు నాకు అంటగట్టింది నువ్వే. ఇప్పుడు అదే నీ కాపురానికి అడ్డమొచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పెళ్లికొడుకుని, ఆ కళ్లజోళ్లబ్బాయిని, నీకు నేనే చూశాను, నేనే తెచ్చాను. నాలుగేళ్లుగా క్లబ్బులో నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. సొంత షాపు, చక్కటి మాట, పెద్దంటే గౌరవం, 'తరగతి యుద్ధం' మొత్తం నోటికి వచ్చు. ఇంతకంటే ఏం చూస్తారు ఎవరైనా? నువ్వు ఉద్యోగానికని ఆ ఊరు వెళ్లాక కూడా, నెలకి రెండుసార్లు వచ్చి నిన్ను చూసి వెళ్తున్నాడు. నా మాట మీద రెండు ఇళ్లు కదిలాయి. ఇప్పుడు నేను నలుగురికీ ఏం చెప్పాలి, సినిమా నచ్చలేదని చెప్పాలా?

సరైన కారణం ఉంటే రాయి. లేకపోతే నోరు మూసుకుని పెళ్లి చేసుకో.

మీ అమ్మమ్మ


పళ్ల ల్యాబ్, వెనక గది,
గురువారం, భోజన విరామం

అమ్మమ్మా,

నోరు మూసుకుని ఉండడం నాకు కొత్త కాదు. నాలుగేళ్ల వయసు నుంచీ అదే పని మీద ఉన్నాను. నత్తి ఉన్న మనిషికి అంతకంటే తేలికైన పని లేదు. అందుకే నువ్వూ నేనూ ఫోన్లో మాట్లాడుకోం, రాసుకుంటాం. కాగితం మీద నా మాట ఎక్కడా ఆగదు. ఈ సంగతి నీకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు ప్రెస్సు నుంచి తెచ్చిన ప్రూఫు కాగితాలు గట్టిగా చదివించి, నేను ఆగిన ప్రతిచోటా నువ్వూ ఆగి, ఒక్క మాటైనా అందించకుండా కూర్చున్న మనిషివి నువ్వు.

అమ్మ అలా కాదు, నా వాక్యాలన్నీ తనే పూర్తి చేస్తుంది. మొన్న ఫోన్లో "ఏడో ఎపిసోడ్" దాకా వచ్చాను. మిగతాది తను పూర్తి చేసింది.

మిగతాది ఇది.

పోయిన నెల సెలవు పెట్టి వచ్చినప్పుడు ఆదివారం అతని షాపుకి వెళ్లాను. అతని స్నేహితులిద్దరు ఉన్నారు. 'మూడో మెట్టు' కథ చెప్పు, వీళ్లు కూడా వింటారు అన్నాడు. నేను మొదలుపెట్టాను. మొదటి మాట దగ్గరే పట్టేసింది. మామూలుగా పట్టేదానికంటే ఎక్కువేం కాదు. అతను చేతిలో ఉన్న కళ్లజోడు ఫ్రేముతో కౌంటరు మీద టకటక కొట్టి, "ఆగండి, ఇదే ఏడో ఎపిసోడ్" అన్నాడు. నా వైపు కాదు, వాళ్ల వైపు తిరిగి. తర్వాత నా గొంతుతో మొదలుపెట్టాడు. మాట పట్టినప్పుడు నా కళ్లు మూసుకుపోతాయి కదా, అది కూడా చేశాడు. బాగా చేశాడు అమ్మమ్మా. చాలారోజులుగా చూసి నేర్చుకుంటే తప్ప అంత బాగా రాదు. ఒకతను కళ్లు తుడుచుకున్నాడు నవ్వి నవ్వి.

ఇంకెప్పుడూ అలా చేయొద్దని చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. అతను కుర్చీ తెచ్చి నా వెనక వేసి, ఎంతో ప్రేమగా, "అదే కదా నీలో అందం. క్లాస్ లీడరు కూడా అచ్చం ఇలాగే ఉడుక్కుంటుంది" అన్నాడు.

నీకు అది అభిరుచుల తేడాలా కనిపిస్తోంది. నాకు ఆరేళ్లుగా అలా కనిపించలేదు. ఆ సీన్ వచ్చినప్పుడల్లా నేను చెప్పులు వెతుక్కుంటూ కిందికి వంగేదాన్ని, నువ్వెప్పుడూ చూడలేదు. అతను ఆ సీన్‌కి నవ్వుతాడని కాదు నా బాధ. అందులో ఏది నవ్వొచ్చే చోటో అతనికి కచ్చితంగా తెలుసు, అదీ.

ఇంకొకటి. ఇది నీకొక్కదానికే. అతని పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో తెలుసుగా, నాకు అన్నిటికంటే గట్టిగా పట్టేసేది అదే. పెళ్లిలో అందరి ముందూ ఆ పేరు చెప్పాల్సి వస్తుందని, మూడు నెలలుగా రోజూ పొద్దున్నే హాస్టల్ వాష్‌బేసిన్ దగ్గర కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఇరవైసార్లు చెప్పుకుంటున్నాను. పోయిన నెలలో ఒకరోజు ఎక్కడా పట్టకుండా వచ్చింది. మళ్లీ చెప్పాను, మళ్లీ వచ్చింది. అద్దంలో నన్ను చూసుకుని పిచ్చిదానిలా నవ్వాను. ఆ ఆదివారం షాపుకి వెళ్లింది అది అతనికి చెప్పడానికే.

చెప్పలేదు. ఇంకెవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

పిచ్చుక


మేడ మీది గది,
మంగళవారం

నా పిచ్చుకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను రాసింది తలచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపించింది. నీ మీది కోపం పోయి వాడి మీదికి వచ్చింది.

కానీ ఒక్క మాట విను. వాడు దుర్మార్గుడు కాడు, తెలివితక్కువవాడు. ఎదురుగా ఉన్నది అలాంటివాళ్లకి కనబడదు, అద్దాలు అమ్మేవాడికైతే మరీను. ఆ వాష్‌బేసిన్ సంగతి తెలిసి ఉంటే వాడు ఆ వెకిలి పని చేసేవాడా? తెలియకే చేశాడు. తెలియజేయడం ఎలాగన్నదే ప్రశ్న. నువ్వు చెప్పవు. ఏడో ఎపిసోడ్ దగ్గర టీవీ కట్టేసి, కథ అయిపోయిందనే రకం నువ్వు. దాని తర్వాత పదోది ఉంది. అందులో ఆ పిల్ల అక్క ఏం చేసిందో, దాంతో ఆ పోకిరి ఏమయ్యాడో నీకు గుర్తుండే ఉంటుంది.

రెండు వారాలు ఆగు. పెళ్లి వద్దని ఇంకెవరితోనూ అనకు. నేనొక పని చేశాను. ఏమిటని అడక్కు, ఫలితం వచ్చాక నేనే చెప్తాను. మీ అమ్మకి తలనొప్పి మాత్ర ఇచ్చి కిందికి పంపాను.

ఈ ఆదివారం క్లబ్బుకి వెళ్లడం లేదు. గొంతుల పోటీ అట. తెర మీద సౌండ్ తీసేసి, సభ్యులే నిలబడి డైలాగులు చెప్పే ఆ తంతు నీకు తెలిసిందే. నాకు జలుబు. ఇప్పుడు నా గొంతు వింటే విలన్ వేషం తప్ప ఇంకేదీ ఇవ్వరు.

వేళకి తిను. మైనపు పళ్ల ముందు కూర్చుని సొంత పళ్లు కొరుక్కోకు.

అమ్మమ్మ


హాస్టల్, మూడో అంతస్తు,
బుధవారం

అమ్మమ్మకి,

ఫలితం వచ్చింది. నీకంటే ముందు నాకే అందింది.

మందుల షాపు అమ్మాయి, తలుపు వైపు నా పక్కన కూర్చునేదే, వీడియో పంపింది. "పంపాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నీ గురించి కాబట్టి నువ్వు చూడాలి" అని రాసింది. నాలుగు నిమిషాలు. తెర మీద ఏడో ఎపిసోడ్, సౌండ్ లేదు. పక్కన అతను కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాగితంలోంచి నా ఉత్తరం చదివాడు. నా గొంతుతో, నా నత్తితో. వాష్‌బేసిన్, కుళాయి, ఇరవైసార్లు, అద్దం, అన్నీ. తన పేరు తనే పలకలేనట్టు ఏడుసార్లు పట్టి పట్టి వదిలాడు. హాలంతా నవ్వింది. కిటికీ వైపే కాదు, తలుపు వైపు కూడా. మొదటి బహుమతి అతనికే వచ్చింది. క్లాస్ లీడరు బొమ్మ ఉన్న కప్పు.

ఆ ఉత్తరం నేను ఒక్కటే రాశాను. ఒక్కరికే రాశాను.

పెళ్లి లేదు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. వాక్యం నేనే పూర్తి చేశాను. ఆరు నిమిషాలు పట్టింది. అమ్మ మధ్యలో అందుకోబోతే ఫోన్ పెట్టేసి మళ్లీ చేశాను, మొదటి మాట నుంచీ మళ్లీ చెప్పాను. వీడియో సంగతి చెప్పలేదు, పెళ్లి లేదని మాత్రం చెప్పాను.

అతను ఎలాంటివాడో నాకు ముందే తెలుసు. నీకు రాశాను కూడా. నువ్వు ఎలాంటిదానివో ఇప్పుడు తెలిసింది.

ఎందుకు పంపావో చెప్పొద్దు. పంపావా లేదా, అదొక్కటి రాయి.


మేడ మీది గది,
శనివారం

పిచ్చుకా,

అవును. నేనే పంపాను.

ఎందుకో చెప్పొద్దన్నావు. చెప్తాను, ఎందుకంటే అది చెప్పకపోతే నా తప్పు చిన్నదిగా కనబడుతుంది. పదో ఎపిసోడ్‌లో అక్క ఆ చెల్లెలి డైరీ తీసి పోకిరి సంచిలో పెడుతుంది. వాడు బస్సులో చదువుకుని, దిగాల్సిన స్టాపు దాటిపోయి, కిటికీ వైపు తిరిగి ఏడుస్తాడు. నేను ప్రతిసారీ వాడితో పాటు ఏడ్చాను. నీ కుళాయి సంగతి చదవగానే నాకు ఆ బస్సు కనబడింది. డెబ్బై మూడేళ్ల మనిషిని, కవరు మీద వాడి షాపు చిరునామా రాసి, పోస్టులో వేసి, మెట్లెక్కుతూ ఈల కూడా వేశాను.

ముప్పై రెండేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. పెద్దపెద్దవాళ్ల చేతిరాతలు నా బల్ల మీద పడి ఉండేవి. అచ్చుకాకముందు వాటిలో ఒక్క ముక్క నా నోటి నుంచి మీ తాతకి కూడా తెలియలేదు. పరాయివాళ్ల కాగితాలకి ఉన్న మర్యాద నీ కాగితానికి లేకపోయింది. సొంత మనిషివి కదా అని.

నీ పెళ్లి నిలబెట్టడానికి చేశానని నాలుగు రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను కుదిర్చిన సంబంధం నిలబెట్టుకోవడానికి చేశాను.

క్షమించమని అడగను. అడిగితే, ఇవ్వాలా వద్దా అని ఆలోచించే పని కూడా నీ మీద పడుతుంది. ఉన్న పనులు చాలు నీకు.

అమ్మమ్మ


మేడ మీది గది,
నెల మొదటి సోమవారం

పిచ్చుకా,

నాలుగు వారాలుగా నీ జవాబు లేదు. ఉండాలని కూడా లేదు. ఇది జవాబు కోసం రాస్తున్నది కాదు, నీది నీకు చేరవేయడానికి.

ఈ నెల రోజుల్లో వాడి షాపుకి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి లేడన్నారు. రెండోసారి వెనక గదిలో ఉండి లేడనిపించాడు. మూడోసారి "ఆదివారం క్లబ్బులో మాట్లాడుకుందాం అమ్మమ్మగారూ, అందరి ముందూ అయితే మీకే బాగుంటుంది" అన్నాడు. వాడి ధైర్యం చూడు. సరే అని నిన్న క్లబ్బుకి వెళ్లాను.

జలుబు తగ్గిందా అని అందరూ అడిగారు. కార్యదర్శి ఉన్నాడుగా, రిటైరైన కండక్టరు, ఆయన నా కుర్చీ దులిపి వేశాడు. నేను కూర్చోలేదు. ఏడో ఎపిసోడ్ పెట్టి సౌండ్ తీసేయమన్నాను. పెట్టాడు. "పోయిన నెల నేను రాలేదు. ఆ రోజు ఎలా చేశారో మళ్లీ చేయండి, చూస్తాను" అన్నాను. ఎవరూ లేవలేదు. బొమ్మలు నోళ్లు ఆడిస్తూ పోయాయి. మందుల షాపు అమ్మాయి ఒక్కతే నన్ను సూటిగా చూసింది.

కళ్లజోళ్లబ్బాయి లేచి, చేతులు కట్టుకుని, ఎప్పటిలాగే మర్యాదగా, "సరదాకి చేసింది అమ్మమ్మగారూ. ఆమె అంటే ఇక్కడ అందరికీ ఇష్టమే. అయినా ఆ ఉత్తరం నేను కాజేయలేదు. మీరే పంపారు" అన్నాడు.

పంపింది నేనే మరి.

కండక్టరు గొంతు సవరించుకుని, ఎవరినీ నొప్పించకుండా సర్దబోయాడు. "అసలు ఏడో ఎపిసోడ్‌కి అందరికంటే ముందు నవ్వేది మీరే కదండీ. మీరు మొదలుపెడితేనే మేం నవ్వేవాళ్లం" అన్నాడు. తిట్టడానికి అనలేదు ఆయన, నిజమే చెప్పాడు. ఆరేళ్లుగా నా నవ్వు వినబడ్డాకే హాలు నవ్వేది. నువ్వు చెప్పుల కోసం వంగేదానివని రాశావు. నేనేమో నువ్వు వెళ్లడానికి తొందరపడుతున్నావనుకుని ఇంకా గట్టిగా నవ్వేదాన్ని.

అప్పుడు తెర వైపు చూశాను. సౌండ్ లేదు కాబట్టి వాడి వెక్కిరింత లేదు, చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు లేదు. ఆ పిల్ల ఒక్కతే కనబడింది. చేతిలో పళ్లెం వంగిపోయి, గ్లాసు ఒరిగి, నీళ్లు బూటు మీదికి కారుతుంటాయి. ఆమెకి తెలియడం లేదు. ఆ ఎపిసోడ్ నేను పదిహేనుసార్లు చూసి ఉంటాను. ఆ నీళ్లు ఎప్పుడూ చూడలేదు. కామా పోతే పట్టుకునే కళ్లు ఇవి.

తర్వాత ఉత్తరం ఇమ్మన్నాను. పోటీ కోసం నాలుగు కాపీలు తీయించాడట, రిహార్సలుకి. నలుగురి దగ్గర నుంచీ అక్కడే వసూలు చేశాను. ఒకాయన మడిచి పర్సులో పెట్టుకున్నాడు, జ్ఞాపకంగా. తీయించాను. వీడియో ఎవరెవరి ఫోన్లలో ఉందో వాళ్ల ఎదురుగా నిలబడి తీసేయించాను. ఇంకెవరికైనా వెళ్లిందేమో నాకు తెలియదు, వెళ్లలేదని నీకు అబద్ధం చెప్పను. అసలు ఉత్తరం షాపులో ఉందంటే వాడితో పాటు షాపు దాకా నడిచాను. దారి పొడుగునా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. నువ్వు సున్నితమని, కాలం గడిస్తే అలవాటు పడేదానివని. ఎంతటి నోరు నాది, పనికొచ్చే రోజున తెరుచుకోలేదు.

ఉత్తరం ఇచ్చాడు. ఇందులోనే పెడుతున్నాను. విప్పే ముందు ఒక సంగతి తెలుసుకో, తెలియకుండా చూస్తే ఇంకా బాధ. చదివేటప్పుడు ఎక్కడెక్కడ ఆగాలో, ఎక్కడ పట్టేయాలో వాడు నీ రాత మీద ఎర్ర పెన్నుతో గీతలు పెట్టుకున్నాడు. నువ్వు ఎక్కడా ఆగకుండా రాసిన ఉత్తరం అది.

మందుల షాపు అమ్మాయీ నేనూ ఇక ఆ హాలుకి వెళ్లం. ఇది నిన్ను మెప్పించడానికి రాయడం లేదు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే నవ్వు రాదు నాకు.

అమ్మమ్మ


పళ్ల ల్యాబ్, వెనక గది,
శుక్రవారం

అమ్మమ్మకి,

ఉత్తరం అందింది. గీతలు చూశాను. చింపలేదు. ఎందుకు చింపలేదో నీకు చెప్పను.

కిందింట్లో అమ్మ ఏం చెప్తోందో నీకు తెలుసో లేదో. శుభలేఖ అందిన వాళ్లందరికీ ఫోన్లు చేసి, "పిల్లకి ఏదో కార్టూన్ గొడవ, వినడం లేదు" అంటోంది. అసలు సంగతి అమ్మకి చెబుదామంటే ఉత్తరం గురించి చెప్పాలి, చెబితే అది కూడా నూట నలభై ఇళ్లకి ఫోన్లో వెళ్తుంది. అందుకే చెప్పలేదు. చిన్నత్త ఫోన్ చేసి, బొమ్మల కోసం బంగారంలాంటి సంబంధం వదులుకుంటారా అంది. పెద్దమామయ్య, మీ తరం ఇంతే అన్నాడు. ఇక్కడ ల్యాబ్‌లో సూపర్‌వైజరు భర్త తరఫు వాళ్లకి కూడా శుభలేఖ వెళ్లిందట. నిన్న ఆమె నా బల్ల దగ్గర నిలబడి, ఏ సీరియల్ అమ్మా అది అని అడిగింది. నేను చెప్పబోయేలోగా, పోనీలే అని భుజం తట్టి వెళ్లిపోయింది. అందరూ అంతే. నేను మొదటి అక్షరం మీద ఉండగానే పోనీలే అంటారు. నా జీవితంలో నేను తీసుకున్న పెద్ద నిర్ణయం ఇది. దానికి కారణం లేని పిచ్చిదాన్నయ్యాను నేను.

నీ మీద కోపం తగ్గుతుందేమోనని వారం రోజులు చూశాను. తగ్గలేదు. రోజూ నీకు రాయాల్సినవి తోస్తాయి, ఆ వెంటనే ఎర్ర గీతలు కనిపిస్తాయి.

కాబట్టి ఇకమీదట కవర్లు వద్దు. కార్డులు రాసుకుందాం. దారిలో ఎవరు చదివినా ఫర్వాలేని మాటలే నేను రాస్తాను. నువ్వూ అంతే రాయి. నా మనసులోవి చదివే పని నీకు ఇక లేదు.


కార్డు
మేడ మీది గది,
సోమవారం

పిచ్చుకకి,

మీ అమ్మకి ఉత్తరం నేనే వాడికి పంపానని మాత్రం చెప్పాను. అందులో ఏముందో చెప్పలేదు. కాసేపు నన్ను తిట్టి, తర్వాత ఏడ్చింది. ఫోన్లు ఆపింది. శుభలేఖ వెళ్లిన ఇళ్లన్నిటికీ ఈ కింది కార్డు రాసి పంపాలనుకుంటున్నాను. నీ గురించిన కాగితం కాబట్టి ముందు నీకు పంపుతున్నాను. ఏది తీసేయాలో, ఏది చేర్చాలో నువ్వు చెప్పు. వద్దంటే ఒక్కటీ వెళ్లదు.

"పెళ్లి ఆగిపోయింది. కార్టూన్ వల్ల కాదు. మా మనవరాలు నన్ను నమ్మి రాసిన ఉత్తరాన్ని, తనకి చెప్పకుండా నేను పెళ్లికొడుక్కి పంపాను. అతను దాన్ని పదిమందిలో చదివి నవ్వించాడు. ఆ నవ్వు ఆ హాల్లో చాలాకాలంగా అలవాటు చేసింది కూడా నేనే. పిల్ల తప్పు ఇందులో ఏమీ లేదు. దాన్ని ఎవరూ ఏమీ అడగొద్దు. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టండి."

అమ్మమ్మ


కార్డు
పళ్ల ల్యాబ్,
గురువారం

అమ్మమ్మకి,

కార్డు నాకంటే ముందు ఇక్కడ నలుగురు చదివారు. ఎవరూ పోనీలే అనలేదు.

చివరి మూడు వాక్యాలు తీసెయ్యి. నా తప్పు లేదని నువ్వు సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు. నన్ను ఎవరూ అడగకూడదని అనక్కర్లేదు. వాటి చోట, 'మనవరాలి మాట' అని పెట్టి, ఇది వెయ్యి:

"పెళ్లి వద్దన్నది నేను. ఎందుకో కావాలంటే నన్నే అడగండి. చెప్పడానికి నాకు కొంచెంసేపు పడుతుంది. మధ్యలో అందుకోకుండా వినండి."

ఇందులో ఒక్క మాట కూడా మార్చకు. మారిస్తే నాకు తెలుస్తుంది. మిగతాదంతా అలాగే పంపు.

కోపం ఇంకా ఉంది.